అడ్డయ్య పాలు

శ్రీరామ్మూర్తిగారు కుక్కని తిరిగి ఇచ్చేయడానికి రిక్షాలో వచ్చారు. కుక్క సీటు మీద దర్జాగా కూచుంది. ఆయన మాత్రం ఒక చేత్తో ప్యాంటు వెనకభాగం మూసుకుని, సగం కూచుని సగం నిలబడి వచ్చారు.

"పంతులమ్మగారూ, మీ కుక్కని మీరు తీసుకోండి. నా ప్యాంటు నాకిప్పించండి," అన్నారు దిగుతూనే.

సూర్యకాంతమ్మ కుక్కల షెడ్డు గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఆవిడ ఆడపిల్లల బళ్ళో డ్రిల్లు టీచరు. కంచరపాలెంలో నిలబడి ఆవిడ "అటెన్షన్" అని అరిస్తే జ్ఞానాపురంలో జనం నిటారుగా అయిపోతారని చెప్పుకునేవారు.

"కరిసిందేటండి?"

"కరవలేదండి, కరుచుకుంది! మా ఇంట్లో నానూ, ఇద్దరు కొడుకులూ. ముగ్గురివీ మూడు షిఫ్టులు. ఒకడు లోపలికొస్తే ఒకడు బయటికెల్లాల. ఈడు వొచ్చినోడికి తోకూపుతాడు, ఎల్లేవోడికి పళ్ళు బిగిత్తాడు. మా పెద్దోడి లుంగీ పోయింది. సిన్నోడు రాతిరి డూటీకి గోడ దూకి ఎల్లాడండి, సొంతింట్లో దొంగలాగ! ఇంక మావల్ల కాదమ్మా."

శ్రీరామ్మూర్తిగారు రిక్షా వైపు తిరిగారు. వెంటనే కుక్క దిగి, ఆయన ప్యాంటు మిగిలిన భాగాన్ని పట్టుకుంది.

ఆ కుక్కకి ఏడాది నిండలేదు. ఎర్రమట్టి రంగు, ఒక చెవి నిలబడి ఒకటి వాలి ఉంటుంది. గుర్రుమనదు, మొరగదు. వెళ్ళిపోయేవాడి బట్ట అంచు పళ్ళతో పట్టుకుని, వెనక్కాళ్ళు నేలలో తన్నిపట్టి, కళ్ళు మూసుకుంటుంది. అంతే. పట్టుదల అనే మాట మనుషులు కనిపెట్టారు గానీ, పట్టు ఎక్కడుండాలో ఈ కుక్కకే తెలుసు. వెళ్ళే ప్రతివాడికీ అడ్డం పడుతోంది కాబట్టి సూర్యకాంతమ్మ మరిది తాతబాబు దానికి అడ్డయ్య అని పేరు పెట్టాడు.

శ్రీరామ్మూర్తిగారిది మూడో ఇల్లు. మొదట పుచ్చుకున్న తవిటయ్యగారింటికి ఓరోజు వియ్యంకుడు భోజనానికొచ్చాడు. రావడం బాగానే వచ్చాడు, వెళ్ళడమే కుదరలేదు. చివరికి ఆయన పంచెని ఆయనా అడ్డయ్యా చెరిసగం పంచుకున్నారు. రెండోది ఉక్కునగరంలో కొత్త క్వార్టరు. ఆ ఇంటాయన డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళి "కుక్క పట్టుకుందండీ" అంటే, పైఆఫీసరు "ఎక్కడ?" అన్నాడట. "గుమ్మంలో" అన్నాడట ఈయన. ఆ రోజుకి ఇద్దరూ నవ్వుకున్నారు గానీ, అది రోజూ జరిగేసరికి ఆఫీసరు నవ్వడం మానేశాడు, ఈయన కుక్కని మానేశాడు.

సూర్యకాంతమ్మ కూచుని, అడ్డయ్య దవడ కింద చెయ్యేసి నిమిరి, ప్యాంటు విడిపించింది. శ్రీరామ్మూర్తిగారు వెనక్కి చూడకుండా రిక్షా ఎక్కారు. అడ్డయ్య రిక్షా మలుపు తిరిగేదాకా చూశాడు. అది కనబడకుండా పోయాక మూలకెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు.

వాడు ఇలా ఎందుకయ్యాడో ఆవిడకి తెలుసు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఖాళీ చేసిన ఊళ్ళలో ఒకటి ఆవిడ పుట్టినూరు. ఉక్కు వస్తుంది, వస్తుంది అన్నారు గానీ, ఆ ఊరికి ముందు ఉక్కపోతే వచ్చింది. లారీలు వచ్చి, జనాన్నీ మంచాల్నీ కోళ్ళగంపల్నీ ఎక్కించుకుని కొత్త కాలనీకి పోయాయి. ఆవిడ చివరిసారి చూసొద్దామని వెళితే, పైకప్పు విప్పేసిన ఇంటి అరుగు మీద ఈ కుక్కపిల్ల ఒక్కటే కూచుని ఉంది. దానికి తెలిసిన మనుషులందరూ ఒక్క పూటలో బయల్దేరారు. ఒక్కరూ తిరిగిరాలేదు. కుక్కకి విశ్వాసం లేకపోవడమేమిటి, పుట్టెడుంది. మనుషులు తిరిగొస్తారనే విశ్వాసం ఒక్కటే లేదు.

ఆ షెడ్డుకి మూగజీవుల సంఘమని బోర్డుండేది. మొదట్లో సంఘంలో చాలామంది ఉండేవారు. కుక్కలు పెరిగేకొద్దీ సభ్యులు తరిగారు. షెడ్డులో ఇన్ని తోకలున్నా, ముడిచినవాళ్ళు మాత్రం సభ్యులే. చివరికి సూర్యకాంతమ్మ మిగిలింది. ఇప్పుడు ఆ స్థలం కూడా అమ్ముడైపోయింది. ఉక్కు పేరు చెప్పి ఊళ్ళో భూమి బంగారమైంది కదా! దసరా వెళ్ళగానే షెడ్డు పడగొడతారు. మిగతా కుక్కలన్నిటికీ ఎలాగోలా ఇళ్ళు దొరికాయి. అడ్డయ్య ఒక్కడే మిగిలాడు. షెడ్డు పోయిన మర్నాడు వాడు రోడ్డు మీద ఉంటాడు, ఆ మర్నాడు మునిసిపాలిటీ కుక్కల బండిలో ఉంటాడు. ఆ బండి ఎక్కిన కుక్క దిగదు.

"మనింటికే తెచ్చేసుకోరాదేటి వదినా?" అన్నాడు తాతబాబు.

"తెచ్చేను కాదేటి! మీ అన్నయ్య రైలుగార్డు. స్టేషన్లో ఆయన పచ్చజెండా ఊపితేగాని బండి కదల్దు. ఇంట్లో ఈడు ఎర్రజెండా! పైగా ఇంటోలు కుక్కంటే ఇల్లు కాళీ సేయమన్నారు."

"మరేటి సేత్తావు?"

"డ్రిల్లు సేయిత్తాను."

"కుక్కకా?"

"ముందు నీకు."

అలా తాతబాబు డ్రిల్లు మొదలైంది. షెడ్డు గేటు తీసుకుని బయటికి నడవాలి, వేపచెట్టుదాకా వెళ్ళాలి, తిరిగి రావాలి. వెళ్ళడం, రావడం, వెళ్ళడం, రావడం. గేటు దగ్గర అడ్డయ్య లాగు పట్టుకుంటాడు. ఆవిడ దవడ నిమురుతుంది, వాడు వదులుతాడు, తాతబాబు వెళతాడు, వస్తాడు.

"వదినా, నాను మనిసినా గడియారం లోలకాన్నా?"

"లోలకం మాటాడదు. నడూ!"

నాలుగో సాయంత్రానికి తాతబాబు లాగు నిక్కరైంది. కానీ సూర్యకాంతమ్మ ఒక సంగతి గమనించింది. తాతబాబు వేపచెట్టు దగ్గర నిలబడి ఎంతసేపు బీడీ కాల్చినా అడ్డయ్య కంగారుపడడు. చెవి నిలబెట్టి చూస్తూ కూచుంటాడు. వేపచెట్టు దాటి సందులోకి తిరిగాడా, వాడి పని అయిపోయినట్టే. గోడ వైపు తిరిగి పడుకుంటాడు. తిరిగి వచ్చినా తల ఎత్తడు.

"కనబడినంతసేపు నమ్ముతన్నాడు," అంది ఆవిడ. "కనబడకపోతే మనిసి పోయినట్టే లెక్క. వీడికి కావలసింది ఎల్లినోళ్ళు ఎల్లినంతసేపూ కనబడే ఇల్లు."

"అలాటి ఇల్లు లైటుహౌసొక్కటే వదినా," అన్నాడు తాతబాబు, చిరిగిన లాగు చూసుకుంటూ.

వాడు వెటకారానికన్నాడు. ఆవిడ నవ్వలేదు. మర్నాడు పొద్దున్న చేపలగంప దించిన చిట్టమ్మని పట్టుకుంది. చిట్టమ్మది కొండ అవతల, సముద్రం ఒడ్డున యారాడ. పోయినేడాది వాళ్ళ ముసలికుక్క పోయిందని ఆవిడే చెప్పి ఏడ్చింది.

"సిట్టమ్మా, మీ ఇంట్లోంచి సూత్తే సముద్రం కనబడతదా?"

"ఓలమ్మ! మా ఇంట్లోంచి సూడకపోయినా కనబడతాది పంతులమ్మా. ఏటి?"

ఆవిడ ఏమిటో చెప్పింది. చిట్టమ్మ గంప మీద చెయ్యేసుకుని అంతా విన్నది. "నాకిట్టమే గాని, మా ఇంట్లో మగోడున్నాడు. సూరన్న. వలకి పెద్ద ఆడే. ఆడు ఊఁ అనాల. పొద్దుటేల, వల ఏసే ముందర రండి, మాటాడుకుందారి," అంది.

ఆదివారం వేకువనే తాతబాబు స్కూటరు ముందు అడ్డయ్య, వెనక సూర్యకాంతమ్మ. సింధియా దాటి, కొండెక్కి, అవతలివైపు దిగేసరికి యారాడ ఒడ్డున పడవ నీళ్ళలో ఉంది. దాన్నిండా పెద్దవల. ఈ వల వెయ్యడం చూడనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. వలకి రెండు కొసలా రెండు పొడుగాటి తాళ్ళుంటాయి. ఒక తాడు కొస ఒడ్డున జనం పట్టుకుంటారు. పడవ రెండో కొసతో సముద్రంలోకి వెళ్ళి, చుట్టూ అర్ధచంద్రంలా వలని దింపుకుంటూ, దూరంగా మళ్ళీ ఒడ్డుకే వస్తుంది. అప్పుడు అందరూ కలిసి రెండు తాళ్ళూ లాగుతారు. తాడు మీద చెయ్యేసిన ప్రతివాడికీ పడినదాంట్లో పాలు, అంటే వాటా, ఉంటుంది.

సూరన్న నల్లగా ఉక్కుదిమ్మలా ఉన్నాడు. పడవ అంచు మీద చెయ్యేసి, ఎక్కడానికి ఒక కాలు ఎత్తాడు. సరిగ్గా అప్పుడే సూర్యకాంతమ్మ, మర్యాదగా పలకరిద్దామనుకుని, తన డ్రిల్లు గొంతుతో అడిగింది:

"బాబూ సూరన్నా! ఎక్కడికి ఎల్తన్నారు?"

ఒడ్డంతా గప్‌చుప్‌. అలలు మాత్రం ఆగలేదు, అవి ఆవిడ బళ్ళో చదువుకోలేదు కాబట్టి. పొలాల ఊళ్ళో పుట్టినావిడకి ఏం తెలుసు? నాగలి కట్టుకెళ్ళేవాణ్ణి ఎక్కడికని అడిగితే వాడు ఆగి నాలుగు మాటలు చెప్పి మరీ వెళతాడు. సముద్రం మీదికి వెళ్ళేవాణ్ణి మాత్రం ఆ మాట అడక్కూడదు, అపశకునం.

సూరన్న ఎత్తిన కాలు దించాడు. ఇసక మీద కూలబడ్డాడు. "అడిగీసింది," అన్నాడు, చావు కబురు చెప్పినట్టు.

"ఏటయింది? నానేటన్నాను?"

చిట్టమ్మ నెత్తి కొట్టుకుని చెవిలో చెప్పింది. సూర్యకాంతమ్మ నాలుక కరుచుకుంది. ఆ రోజు ఆ ఒడ్డున మొదటి కరుచుకోవడం అదే.

"తెలీక అన్నాను బాబూ."

"తెలిసి అడిగినా తెలీక అడిగినా అడిగింది అడిగిందే గదమ్మా!" సూరన్న చెంబు నీళ్ళు తాగి, మొహం కడుక్కుని, మళ్ళీ లేచాడు. "సిట్టా! ఈవిడ దేనికొచ్చింది?"

"ఆ కుక్కని మనకిద్దారని."

"మాటతోనే పడవ ఆపీసింది. ఈవిడ కుక్క ఏటాపుద్దో! ఒద్దు. తీస్కెల్లిపోమను."

"బాబూ, ఒక్క మాట..."

"నీ ఒక్క మాటే సాలమ్మా!"

అందరూ నవ్వారు. తాతబాబు స్కూటరు వైపు చూశాడు. "వదినా, పోదారి. ఈళ్ళు పుచ్చుకోరు."

"నువ్వెల్లు. నాను ఊఁ అనిపించుకునే వొత్తాను," అని ఆవిడ చీర కుచ్చిళ్ళు బిగించి ఇసకలో పాతేసినట్టు నిలబడింది.

పడవ కదిలింది. సూరన్న, మిగతా మగాళ్ళు తెడ్లు వేశారు. ఒడ్డున చిట్టమ్మ, నలుగురు ఆడవాళ్ళు, ఇద్దరు ముసలాళ్ళు తాడు కొస పట్టుకుని నిలబడ్డారు. అందరూ ఒక్కసారిగా వెళ్ళిపోతున్నారు. ఇది అడ్డయ్య ఇదివరకు చూసినదే, లారీల బదులు పడవ. వాడు ఒక్క గుంజు గుంజి తాతబాబు చేతిలోంచి గొలుసు లాగేసుకుని నీళ్ళలోకి పరిగెత్తాడు. అల మొహాన కొట్టి వెనక్కి దొర్లించింది. లేచాడు. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ దొర్లాడు. పడవ అందలేదు. పట్టుకోవడానికి ఒక పంచె లేదు, ఒక లాగు లేదు. ఆ పడవతో ముడిపడినది అక్కడ ఒక్కటే ఉంది, తాడు. వాడు తాడు పట్టుకున్నాడు.

"ఓలప్ప! తాడు కొరికేత్తన్నాడు!" అని ఒక ముసలాయన కర్ర ఎత్తాడు.

"కొట్టకండి!" సూర్యకాంతమ్మ కేకకి కర్ర గాల్లో అటెన్షన్‌లో నిలబడిపోయింది. "ఆడు కొరకడు, పట్టుకుంటాడు. సూడండి. కావాలంటే నాను కూడా పట్టుకుంటాను, జరగండి."

ఆవిడ చెప్పులు విడిచి, అడ్డయ్య పక్కనే తాడు పట్టుకుంది. వాడి వెనక్కాళ్ళు ఇసకలో దిగబడి ఉన్నాయి. ఉప్పునీళ్ళు కారుతున్నాయి. ఈసారి మాత్రం కళ్ళు మూసుకోలేదు. ఎందుకంటే తాడు పట్టులో ఉంటే పడవ ఎటు తిరిగినా తెలుస్తుంది. దూరమైతే తాడు జరుగుతుంది, తిరిగితే ఒరుగుతుంది. పడవ నల్లచుక్కయింది కానీ మాయమవలేదు. చుక్క అడ్డంగా నడిచింది, మళ్ళీ పెద్దదైంది. అడ్డయ్య నిలబడిన చెవి దానితోపాటే తిరిగింది.

పడవ ఒడ్డు తాకింది. "లాగండి!" అని అవతలి కొస నుంచి కేక వినబడింది. ఒడ్డున జనం వెనక్కి నడుస్తూ లాగడం మొదలుపెట్టారు. సూర్యకాంతమ్మ "ఒకటీ, రెండూ" అని అందుకుంది. వల లాగేవాళ్ళకి సొంత పాట ఉంది గానీ, ఆవిడ గొంతు ముందు ఆ పాట నిలబడలేదు. వెనక్కి నడవడం అడ్డయ్యకి ఎవరూ నేర్పక్కర్లేదు, జీవితమంతా చేస్తున్న పనే. నిజం చెప్పాలంటే వాడు లాగినదానివల్ల వల జానెడు కూడా ముందుకి జరిగుండదు. రెండుసార్లు చిట్టమ్మ కాళ్ళకి అడ్డంపడి ఆవిణ్ణి పడేశాడు కూడా. కానీ వదల్లేదు.

రెండు కొసలూ దగ్గరికొచ్చాయి. సూరన్న తడిసి ముద్దై ఇటువైపు నడిచొచ్చాడు. అతన్ని చూడగానే అడ్డయ్య తాడు వదిలేశాడు. ఎవరూ దవడ నిమరకుండా, తనంతట తాను వదలడం అదే మొదలు. పరిగెత్తి అతని పాదాలు వాసన చూశాడు. కుడిది, ఎడమది, మళ్ళీ కుడిది. వెళ్ళిన కాళ్ళే ఇవి. తోక ఊపకుండా అలా నిలబడి, నమ్మకం కుదరక, మోకాలు కూడా వాసన చూశాడు.

"ఏటి వీడు, టికెట్టు సూత్తన్నాడు?" అన్నాడు సూరన్న. కానీ కాలు వెనక్కి తీసుకోలేదు.

వలలో గొప్పగా ఏమీ పడలేదు. నెత్తళ్ళు, కవళ్ళు లాంటి చిన్నచేపలు, కొన్ని సొరపిల్లలు, చాలా నాచు. చిట్టమ్మ ఇసక మీద కూచుని కుప్పలు పోయడం మొదలెట్టింది. పంపకం ఆవిడదే. ఒక్కొక్క కుప్పా పోసి ఇంటిపేరు పిలుస్తుంది, ఆ ఇంటివాళ్ళు తీసుకుంటారు. చివర చిన్న కుప్ప ఒకటి పోసి, ఎవరినీ పిలవకుండా ఊరుకుంది.

"అదెవుల పాలు?" అన్నాడు సూరన్న.

"తాడు పట్టినోడిది."

"ఎవుడు?"

చిట్టమ్మ గడ్డంతో అడ్డయ్యని చూపించింది. సూరన్న పకపకా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"తాడు పట్టినోడికి పాలు ఉందా నేదా? ఆ మాట సెప్పు. మీ తాతనాటి నుంచి అదే గదేటి కట్టుబాటు? పోయినేడు బీమిలి నుంచి ఊరు సూడ్డానికొచ్చినోడు సరదాకి తాడు పట్టితే ఆడికీ ఇచ్చినావు. ఈడు సరదాకి పట్టలేదు. పళ్ళూడిపోయేలాగ పట్టినాడు."

"అది కుక్క సిట్టా!"

"కట్టుబాటులో మనిసని ఉందా?"

ముసలాళ్ళు గొణుక్కున్నారు. కర్ర ఎత్తినాయనే అందరికంటే ముందు, "పట్టినాడ్రా సూరన్నా, అబద్దమెందుకు," అన్నాడు. సూరన్న తల గోక్కున్నాడు. తప్పించుకోవడానికి ఒక దారి దొరికింది.

"సరే, పట్టినాడు. కానీ పాలు ఇంటిపేరు మీద పిలవాల. ఇల్లు నేనోడికి పాలు నేదు. వీడికి ఇల్లేదీ?"

సూర్యకాంతమ్మ నోరు తెరిచింది. చిట్టమ్మ చెయ్యి అడ్డంపెట్టి ఆపింది. లేచి నిలబడి, మిగతా ఇళ్ళవాళ్ళని పిలిచిన గొంతుతోనే, ఒడ్డంతా వినబడేలా తమ ఇంటిపేరే పిలిచింది. వాళ్ళ కుప్ప అప్పటికే తీసేసుకున్నారు. ఇది రెండోసారి.

ఒకసారి పిలిచిన పేరు వెనక్కి తీసుకోవడం ఆ ఒడ్డున లేదు. సూరన్న పెళ్ళాం వైపు చూశాడు, కుప్ప వైపు చూశాడు. వంగి, ఒక నెత్తల్ని తీసి అడ్డయ్య ముందు పడేశాడు.

"తిను. రేపు వేగిరం లెగాల," అన్నాడు.

అంతవరకూ బాగానే ఉంది. అసలు పని ఇంకా మిగిలి ఉందని సూర్యకాంతమ్మకి తెలుసు. ఆవిడ వెళ్ళాలి.

ఆవిడ లేవగానే అడ్డయ్య చేప వదిలేసి చీర అంచు పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"సూసినావా, మానలేదు," అన్నాడు సూరన్న.

"ఒక్క పూటకి ఎవుడు మానతాడు బాబూ? నువ్వు బీడీ మానీసినావేటి?" అంది ఆవిడ. కూచుని దవడ నిమిరింది. వాడు వదల్లేదు. మళ్ళీ నిమిరింది. చెయ్యి ఆపలేదు. ఎంతసేపటికో పళ్ళు సడలాయి, చీర పోగులు కొన్ని నోట్లోనే ఉండిపోయాయి. చిట్టమ్మ గొలుసు పట్టుకుంది.

తాతబాబు స్కూటరు స్టార్టు చేశాడు. "ఎక్కు వదినా."

"నాను ఎక్కను, నడుత్తాను. నువ్వు పైకెల్లి ఉండు."

"ఈ ఎండలో కొండంతానా?"

"స్కూటరైతే ఒక్క నిమిసంలో కనబడకుండా పోతాను. నడిత్తే పైదాకా కనబడతాను."

ఆ కొండదారి వంకర్లు తిరుగుతూ ఎక్కుతుంది. మొదటి మలుపులో ఆవిడ ఆగి, కింద ఒడ్డు వైపు తిరిగి, చెయ్యెత్తి అరిచింది: "అడ్డయ్యా! వచ్చే ఆదివారం!" ఎర్రమట్టి రంగు చుక్క ఒకటి తల ఎత్తింది. రెండో మలుపులోనూ అరిచింది. మూడో మలుపులో ఊపిరి ఆడక చెయ్యి ఒక్కటే ఊపింది. పై మలుపు దాటితే ఇంక కనబడదు. అక్కడ చాలాసేపు నిలబడింది. తాతబాబు స్కూటరు పక్కన కాచుకున్నాడు. తర్వాత ఆవిడ అవతలివైపు దిగింది.

ఆ వారమంతా వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడని, రెండు పూటలు అన్నం మానేశాడని, వల వేసే వేళకి మాత్రం లేచి వెళ్ళేవాడని చేపలగంపతో వచ్చిన చిట్టమ్మ చెప్పింది. "ఇచ్చీమంటావా?" అని తను అడిగితే సూరన్న, "వలకి ఎవుడొత్తాడు మరి? నీ తమ్ముడా?" అన్నాడట.

ఆదివారం సూర్యకాంతమ్మ కొండ దిగేసరికి తాడు బిగుసుకుని ఉంది. అడ్డయ్య తాడు నోట కరుచుకుని ఉన్నాడు కాబట్టి పరిగెత్తుకు రాలేదు. చెవి మాత్రం తిరిగింది. ఆవిడ చెప్పులు విడిచి, వెళ్ళి వాడి పక్కన నిలబడి తాడు పట్టుకుంది. వాడు తాడు వదలకుండానే తల వంచి, ఆవిడ పాదం ఒకసారి వాసన చూశాడు.

"ఏటి పంతులమ్మా," అరిచాడు సూరన్న, పడవని అవతలి కొస దగ్గర ఒడ్డుకి లాగుతూ, "ఇయ్యాల నీకూ పాలు కావాలేటి?"

"కావాలి!" అంది ఆవిడ. జ్ఞానాపురందాకా వినబడి ఉంటుంది.